నారాలో ఒక రోజు, ఒక ఇంటి కథ

జపాన్ వెళ్ళొచ్చిన వాళ్ళని ఏం చూశారని అడిగితే టోక్యో, ఫుజి పర్వతం, క్యోటో గుళ్ళు అంటారు. నారా పేరు ఎత్తితే, "అదే, జింకలు తిరిగే ఊరు కదా" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. జింకలున్న మాట నిజమే. వెయ్యికి పైగా ఉన్నాయి, రోడ్డు మీద మనతో పాటే నడుస్తాయి. కానీ క్యోటో కన్నా ముందు, 710 నుంచి 784 దాకా, మధ్యలో ఓ ఐదేళ్ళు తప్ప, జపాన్‌కి రాజధాని ఈ ఊరే. ఆ 74 ఏళ్ళలో దాదాపు 30 ఏళ్ళు సింహాసనం మీద కూర్చున్నది ఆడవాళ్ళు. ఇవాళ మనం టికెట్టు కొనుక్కుని చూసే గుళ్ళు, గోపురాలు, విగ్రహాలు చాలావరకు ఒకే ఇంటి కష్టసుఖాల్లోంచి పుట్టినవి.

ఒసాకా నుంచి నారాకి రైల్లో ముప్పావు గంట. అక్కడ మాకు ఊరు చూపించిన గైడు అరవై దాటిన ఒకావిడ. చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచి, చకచకా నడక. రాజుల పేర్లు, తేదీలు వల్లించకుండా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చారు. "ముందు ఆ ఇంట్లో ఎవరికి ఎవరేమవుతారో తెలుసుకోండి, తర్వాత రాళ్ళూ చెక్కలూ వాటంతట అవే మాట్లాడతాయి" అన్నారావిడ. నేనూ అదే వరసలో చెప్తాను.

పొద్దున్నే వెళ్ళింది హేయ్‌జో రాజప్రాసాదం ఉన్న చోటికి. ఉన్న చోటు అనే అనాలి. ఇప్పుడక్కడ కనుచూపు మేర గడ్డి మైదానం. ఎర్రటి సుజాకు ద్వారాన్ని 1998లో, కొలువుకూటాన్ని 2010లో మళ్ళీ కట్టారు. మైదానం మధ్యలోంచి రైలు పట్టాలు వెళ్తుంటాయి. మేం నిలబడి ఉండగానే ఒక రైలు గడగడా పోయింది. ఒకప్పుడు ఆ ద్వారం ముందు నుంచి దక్షిణానికి సాగిన రాజవీధి వెడల్పు సుమారు 74 మీటర్లు. చైనాలో తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ నగరాన్ని చూసి గళ్ళు గీసినట్టు వేసిన ఊరిది. ఈ రాజధానికి తరలి రావడం గెన్మేయ్ అనే మహారాణి ఏలుబడిలో జరిగింది.

ఆవిడ రాణి అయిన తీరు వింటే గుండె బరువెక్కుతుంది. భర్త కుసకాబే యువరాజు. పట్టాభిషేకం కాకుండానే 689లో పోయాడు. కొడుకు మొన్ము చక్రవర్తి అయ్యాడు, పాతికేళ్ళకే 707లో పోయాడు. మనవడికి ఏడేళ్ళు. ఆ పసివాడి కోసం నాయనమ్మే సింహాసనం ఎక్కింది. మూడేళ్ళకి రాజధానిని ఇక్కడికి మార్చింది. జపాన్ పుట్టుక కథలన్నీ ఉన్న 'కోజికి' 712లో ఆమెకే సమర్పించారు. మరుసటి ఏడాది, ఏ నేలలో ఏం పండుతుందో, ఏ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందో, ముసలివాళ్ళు ఏ కథలు చెప్పుకుంటారో రాసి పంపమని అన్ని ప్రాంతాలకీ ఆజ్ఞ వేసింది. 715లో అలసిపోయానని కూతురు గెన్షోకి పట్టం అప్పగించింది. తల్లి నుంచి కూతురికి సింహాసనం దక్కడం జపాన్ చరిత్రలో ఇదొక్కసారే. గెన్షో పెళ్ళి చేసుకోలేదు. 724 దాకా ఏలి, పెద్దవాడైన మేనల్లుడికి రాజ్యం ఇచ్చి తప్పుకుంది. అంటే నాయనమ్మ, మేనత్త కలిసి 17 ఏళ్ళు ఆ పిల్లాడి కోసం రాజ్యం కాపాడారన్నమాట. ఆ పిల్లాడే షోము చక్రవర్తి.

మరి వాళ్ళమ్మ ఏమైంది? నేనూ అదే అడిగాను. ఆమె పేరు మియాకో. ఫుజివారా అనే గొప్ప మంత్రి కుటుంబం ఆడపడుచు. ఈ బిడ్డని కన్నప్పటి నుంచి తీరని దిగులులో మునిగిపోయి, మనుషుల్ని చూడ్డం మానేసింది. కన్నకొడుకుని కూడా చూడలేదు. 737లో గెన్బో అనే బౌద్ధ భిక్షువు వైద్యం చేశాక మనసు తేటపడి, అప్పుడు మొదటిసారి కొడుకుని చూసింది. అప్పటికి ఆ కొడుక్కి 36 ఏళ్ళు, దేశానికి చక్రవర్తి. ఇదంతా వాళ్ళ రాచరిక వృత్తాంతంలో రాసి ఉంది. ఇవాళ్టి డాక్టరమ్మలైతే దానికి కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని పేరు పెట్టేవారేమో. 1300 ఏళ్ళ కింద ఒక తల్లికి వచ్చిన ఆ జబ్బుని దాచకుండా రాసి పెట్టినందుకు ఆ రాతగాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

షోము పెళ్ళి చేసుకున్నది కోమ్యోని. ఈ వ్యాసానికి ముఖ్యమైన మనిషి ఆమే. ఇద్దరూ 701లోనే పుట్టారు. ఆమె కూడా ఫుజివారా ఫుహితో కూతురే, మియాకోకి సవతి చెల్లెలు. మన లెక్కలో షోముకి పిన్ని వరస! అది చెప్తే మావారు "ఇదేం వరసండీ" అని నోరు తెరిచారు. ఆనాటి జపాన్ రాచకుటుంబాల్లో అది తప్పు కాదు. మన మేనరికాలు విని గైడుగారూ అంతే నోరు తెరిచారు. చిన్నప్పటి పేరు అసుకాబే. కోమ్యో అంటే వెలుగు. 718లో ఆమెకి కూతురు పుట్టింది. 727లో ఒక కొడుకు పుడితే, ఉయ్యాల్లో ఉండగానే యువరాజుని చేశారు. పుట్టినరోజు కూడా రాకుండానే 728లో ఆ బిడ్డ పోయాడు. 729లో ఆమెని పట్టమహిషిని చేశారు. రాజవంశంలో పుట్టని అమ్మాయికి ఆ పదవి రావడం అప్పటికి పెద్ద విడ్డూరం.

మైదానం నుంచి తూర్పుగా కాస్త నడిస్తే హొక్కెజి అనే భిక్షుణుల మఠం వస్తుంది. నిజానికి అది కోమ్యో పుట్టింటి స్థలం. తండ్రి పోయాక ఆ ఇల్లు ఆమెది అయింది, తర్వాత మఠమైంది. 741లో ప్రతి ప్రాంతంలోనూ భిక్షువులకొక మఠం, భిక్షుణులకొక మఠం కట్టాలని షోము ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆలోచన ఇచ్చింది కోమ్యోనే అంటారు. దేశంలోని భిక్షుణీ మఠాలన్నిటికీ ఈ పుట్టిల్లే తలకాయ. లోపల ఏకాదశముఖ అవలోకితేశ్వరుడి విగ్రహం ఉంది. గాంధారం నుంచి వచ్చిన శిల్పి కోమ్యోని చూసి చెక్కాడని కథ. కానీ పండితులు అది ఆమె తర్వాతి శతాబ్దపు పని అంటారు. అసలు విగ్రహాన్ని ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు, మేం నకలు చూశాం.

ఆ ఆవరణలో ఒక పాత ఆవిరి స్నానాల గది ఉంది. ఇప్పుడున్న కట్టడం తర్వాతి కాలానిదే గానీ దాని వెనక కథ చాలా పాతది. కోమ్యో వెయ్యి మందికి తన చేత్తో ఒళ్ళు రుద్ది స్నానం చేయిస్తానని మొక్కుకుందట. వెయ్యో మనిషిగా ఒక కుష్ఠురోగి వచ్చాడు. నా పుళ్ళలోని చీము నోటితో పీల్చి తీస్తే గాని తగ్గదన్నాడు. ఆమె వెనకాడలేదు. అప్పుడా మనిషి అక్షోభ్య బుద్ధుడై వెలిగిపోయాడట. కథ సంగతి ఎలా ఉన్నా దాని కింద గట్టి నేల ఉంది. 730లో కోమ్యో పేదరోగులకి మందులిచ్చే ఒక వైద్యశాల పెట్టించింది. దిక్కులేని పిల్లలకీ ముసలివాళ్ళకీ ఆశ్రయం కూడా ఆమె పేరు మీదే నడిచింది.

ఇది వింటున్నప్పుడు నాకు మన నాగార్జునకొండ తలపుకొచ్చింది. ఇక్ష్వాకు రాజులు వైదిక యాగాలు చేస్తుంటే, వాళ్ళింటి ఆడవాళ్ళు బౌద్ధ స్తూపాలకీ విహారాలకీ దానాలిచ్చారు. అక్కడి మహాచైత్యం దాత, శాంతమూల మహారాజు తోబుట్టువు శాంతిశ్రీ అని స్తంభాల మీదే చెక్కి ఉంది. ఆ కొండకి పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్‌లో ర్యూజు అంటారు, వాళ్ళ బౌద్ధ శాఖలన్నీ ఆయన్ని గురువుగా తలుచుకుంటాయి. గైడుగారికి మాది ఆ నదిని తాగిన నేల అంటే ఎంత సంతోషించారో.

హొక్కెజిలో భిక్షుణులు మట్టి కలిపి చేతితో చేసే బుల్లి కుక్కబొమ్మలు దొరుకుతాయి. వేలెడంత కూడా ఉండవు, ఒంటికి రంగు చుక్కలు. కాన్పు సుఖంగా కావాలని, పిల్లలకి దిష్టీ జబ్బూ తగలకూడదని ఇంట్లో పెట్టుకుంటారు. ఈ ఆనవాయితీ కూడా కోమ్యో మొదలుపెట్టిందే అంటారు. ఏడాది నిండని బిడ్డని పోగొట్టుకున్న తల్లి పేరుతో, పిల్లల్ని కాపాడే బొమ్మలు. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

మళ్ళీ రైలెక్కి ఊళ్ళోకి వచ్చి కోఫుకుజి చూశాం. ఇది ఫుజివారా వాళ్ళ ఇంటి గుడి. అక్కడి అయిదంతస్తుల గోపురాన్ని మొదట 730లో కట్టించింది కోమ్యోనే. కాలిపోతూ, మళ్ళీ లేస్తూ వచ్చి, ఇప్పుడున్నది 1426 నాటిది, ఎత్తు 50 మీటర్లు. మరమ్మతుల కోసం చుట్టూ పరంజా కట్టి కప్పేశారు. అయినా నేను ఈ గుడికి వచ్చింది వేరే మనిషిని చూడ్డానికి.

733లో కోమ్యో తల్లి మిచియో చనిపోయింది. ఆమె చిన్న మనిషి కాదు. కొలువులో ఏళ్ళ తరబడి సేవ చేసి, గెన్మేయ్ మహారాణి చేత 'తాచిబానా' అనే ఇంటిపేరు బహుమతిగా పొందిన మనిషి. నారింజ లాంటి ఒక పండు పేరది. ఆ ఇంటిపేరుని తర్వాత ఆమె కొడుకులు పెట్టుకున్నారు! తల్లి సంవత్సరీకానికి కోమ్యో ఇక్కడ ఒక మందిరం కట్టించి, లోపల శాక్యముని చుట్టూ విగ్రహాలు పెట్టించింది. వాటిలో ఒకటి అషురా. అవును, మన అసురుడే. బుద్ధుడి మాట విని కోపం వదిలేసిన అసురుడు.

నేను కోరలూ మీసాలూ ఊహించుకుని లోపలికి వెళ్ళాను. ఎదురుగా నిలబడింది సన్నటి చేతులున్న ఒక కుర్రవాడు. మూడు ముఖాలు, ఆరు చేతులు, ఎత్తు 153 సెంటీమీటర్లు. నారగుడ్డని లక్కతో పొరలు పొరలుగా అతికించి చేశారు, లోపలంతా డొల్ల. బరువు 15 కిలోల దాకానే. అందుకే ఇన్ని అగ్నిప్రమాదాల్లోనూ ఎవరో ఒకరు చంకన పెట్టుకుని బయటికి తేగలిగారని చెప్తారు. ఒక పక్క ముఖం కింది పెదవిని పంటితో నొక్కి పట్టుకుని ఉంటుంది. ఎదుటి ముఖం కనుబొమలు ముడిచి, ఏడుపు ఆపుకుంటున్నట్టు చూస్తుంది. తల్లి దహనం దగ్గర నిలబడ్డ పిల్లలు అలాగే ఉంటారు. పోయిన కొడుకు పెరిగి ఉంటే ఎలా ఉండేవాడో అలా చేయించిందేమో కోమ్యో అని గైడుగారు తన ఊహ చెప్పారు. ఊహే కావచ్చు. కానీ ఆ ముఖం ముందు నిలబడి కాదనడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఛగాయు తిన్నాం. వేయించిన టీ ఆకుల కషాయంలో అన్నం పల్చగా ఉడికించిన జావ. నారా ఇళ్ళలో పొద్దుటి ఫలహారం అది. పక్కన ముదురు గోధుమరంగు ఊరగాయ ముక్కలు. దోస, సొరకాయ జాతి కాయల్ని సారా తీసిన పిప్పిలో నెలల తరబడి ఊరబెడతారు. వాసనకే సంగతి తెలిసి నేను జావతో సరిపెట్టుకున్నాను.

తర్వాత తోదాయిజి. ఊళ్ళో అందరూ చూసే మహాబుద్ధుడి గుడి. కానీ దాని మొదలు ఎక్కడుందో చాలామందికి తెలీదు. 728లో పసివాడు పోయినప్పుడు, ఆ బిడ్డ కోసం ప్రార్థించడానికి ఈ తూర్పు కొండపక్కన ఒక చిన్న గుడి కట్టి తొమ్మిది మంది భిక్షువుల్ని పెట్టారు. తోదాయిజికి మూలం ఆ చిన్న గుడే అంటారు చరిత్రకారులు.

ఆ తర్వాత పెద్ద ఉపద్రవం వచ్చింది. 735 నుంచి 737 దాకా మశూచి దేశాన్ని ఊడ్చేసింది. జనాభాలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉంటారని అంచనా. 737లో ఒక్క ఏడాదిలో కోమ్యో అన్నదమ్ములు నలుగురూ పోయారు. రాజ్యాన్ని నడిపిస్తున్నది వాళ్ళే. తిరుగుబాట్లు, కరువులు. భయంతో షోము రాజధానిని అటూ ఇటూ మార్చాడు. 743లో వైరోచన బుద్ధుడి మహావిగ్రహం పోత పోయిస్తానని ప్రకటించాడు. ఆ ప్రకటనలో ఒక మాట ఉంది. ఎవరైనా ఒక గడ్డిపరకో, గుప్పెడు మట్టో తెచ్చి ఇందులో చెయ్యి కలుపుతామంటే కాదనకండి అని. చక్రవర్తి తలుచుకుంటే తన సొమ్ముతో చెయ్యగలడు, కానీ పోయిన వాళ్ళు అందరిళ్ళలోనూ ఉన్నారు కదా.

ఇప్పటి విగ్రహం ఎత్తు 15 మీటర్లకి కొంచెం తక్కువ. గుడి లెక్కల ప్రకారం 499 టన్నుల రాగి, 440 కిలోల బంగారం పట్టింది. గుడి 1180లో, 1567లో యుద్ధాల్లో కాలిపోయింది. విగ్రహం చాలాభాగం తర్వాతి కాలాల్లో బాగుచేసిందే. ఇప్పుడున్న మందిరం 1709 నాటిది, వెడల్పు 57 మీటర్లు. మొదటిది 86 మీటర్లు ఉండేదట. ఈ గొప్పకి వెల కట్టింది మాత్రం రైతులూ కూలీలూ. 757లో ఒక కుట్రలో పట్టుబడ్డ తాచిబానా నారామారో, ఎందుకు తిరగబడ్డావంటే, తోదాయిజి కట్టడంతో జనం నలిగిపోయారని చెప్పాడు. అతను ఎవరో కాదు, కోమ్యో తల్లికి మనవడు. ఆ మాట కూడా అదే వృత్తాంతంలో ఉంది.

752 నాలుగో నెల తొమ్మిదో రోజున ఆ బుద్ధుడికి కళ్ళు తెరిచారు. మన గుళ్ళలో విగ్రహ ప్రతిష్ఠకి నేత్రోన్మీలనం చేస్తారే, అదే. ఆ పని చేసింది మన దేశపు భిక్షువు. బోధిసేనుడు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మంజుశ్రీ దర్శనం కోసం చైనా వెళ్ళి, అక్కడి నుంచి జపాన్ రాయబారుల పిలుపు మీద 736లో ఓడ దిగాడు. మశూచి నడుస్తున్న రోజుల్లో వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళకుండా 760లో ఇక్కడే కన్నుమూశాడు. షోముకి ఒంట్లో బాగుండక, నా బదులు మీరు బుద్ధుడి కళ్ళు దిద్దండి అని ఆయన్ని వేడుకున్నాడు. పెద్ద కుంచెకి నీలిరంగు పట్టుదారం కట్టి, ఆ దారాన్ని కింద ఉన్న జనం పట్టుకున్నారు. కళ్ళు దిద్దే పుణ్యం అందరికీ అందాలని. ఆ రోజు అక్కడ షోము, కోమ్యో, అప్పటికి సింహాసనం మీదున్న వాళ్ళ కూతురు కోకెన్, ముగ్గురూ ఉన్నారు. ఆ కుంచె, ఆ దారం ఇప్పటికీ ఉన్నాయి.

అవి ఉన్న చోటు గుడి వెనకే. షోసోయిన్ అంటారు. స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టిన పొడవాటి చెక్క కొట్టు. బయట నుంచి చూడనిస్తారు, అంతే. లోపలి వస్తువులు ఇప్పుడు వేరే భవనాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఏటా శరదృతువులో రెండు వారాలు ఊళ్ళోని మ్యూజియంలో ప్రదర్శిస్తారు. మేం వెళ్ళింది ఏప్రిల్‌లో.

756లో షోము పోయాడు. 49వ రోజున, వాళ్ళ లెక్కలో జీవుడి ప్రయాణం ముగిసే రోజున, కోమ్యో భర్త వాడుకున్న వస్తువులు 600కి పైగా జాబితా రాయించి మహాబుద్ధుడికి సమర్పించింది. బట్టలు, అద్దాలు, కత్తులు, ఆటబల్లలు, వీణల్లాంటి వాద్యాలు. ఇవి కళ్ళబడితే పాతరోజులు గుర్తొచ్చి తట్టుకోలేకపోతున్నానన్న భావం ఆ జాబితా చివరి మాటల్లో ఉంది. ఇంట్లో మనిషి పోయాక కళ్ళజోడు, చేతిగడియారం, మడత విప్పని కండువా ఏం చెయ్యాలో తెలీక బీరువా మూసేసిన వాళ్ళకి ఆ మాట తెలుస్తుంది.

అదే రోజు మరో జాబితా కూడా ఇచ్చింది. 60 రకాల మందులు. జబ్బుపడ్డ వాళ్ళకి అవసరమైతే తీసి ఇవ్వండని రాసింది. గైడుగారు ఆ పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మిరియాలు. పిప్పళ్ళు. కరక్కాయ. ఉసిరి. వక్క. దాల్చినచెక్క. చెరకు పంచదార కూడా, ఎందుకంటే అప్పుడక్కడ పంచదార మందే. కరక్కాయని వాళ్ళు 'కరిరోకు' అంటారు, మన సంస్కృతపు హరీతకి నోళ్ళు మారి అలా అయింది. మా అమ్మమ్మ దగ్గుకి అరగదీసి పెట్టిన కరక్కాయ, సముద్రాలు దాటి ఒక మహారాణి మందులపెట్టెలో కూర్చుంది. భర్త వస్తువులు తాళం వేసి దాచమంది, మందులు మాత్రం తీసి వాడమంది. ఆ రెండు జాబితాల మధ్య తేడాలోనే ఆమె మనసంతా ఉందనిపించింది నాకు.

షోసోయిన్‌లో ఆమె చేతిరాత కూడా ఉంది. 744లో ఒక చైనా వ్యాసాన్ని చూసి రాసుకున్న చుట్ట. అక్షరాలు గట్టిగా, తడబాటు లేకుండా ఉంటాయి. చివర సంతకం 'ఫుజివారా వారి మూడో అమ్మాయి' అని. అప్పటికి ఆమె పట్టమహిషి అయి 15 ఏళ్ళు. బిరుదు రాసుకోలేదు, పుట్టింటి పేరు రాసుకుంది.

కొండవైపు మెట్లెక్కుతుంటే గైడుగారు కూతురి సంగతి చెప్పారు. 738లో కోకెన్‌ని యువరాజు స్థానంలో నిలబెట్టారు. జపాన్‌లో ఆ స్థానం పొందిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. 749లో రాణి అయింది, 758లో దిగింది, 764లో షోతోకు అనే పేరుతో మళ్ళీ ఎక్కింది. చిన్న చెక్క గోపురాలు పది లక్షలు చేయించి, ఒక్కొక్క దానిలో అచ్చువేసిన ధారణీ మంత్రం పెట్టించింది. ప్రపంచంలో మిగిలిన అతి పాత అచ్చు కాగితాల్లో అవీ ఉన్నాయి. కానీ జనం నోట మిగిలింది మాత్రం దోక్యో అనే భిక్షువుకి ఆమె ఇచ్చిన పెత్తనం, దాని చుట్టూ పుట్టిన చెడ్డకథలు. 770లో ఆమె పోయాక, 1629 దాకా, అంటే 859 ఏళ్ళు, మళ్ళీ ఒక ఆడమనిషి ఆ సింహాసనం ఎక్కలేదు. ఇప్పటి చట్టం ప్రకారం అసలు ఎక్కకూడదు. ఇప్పటి చక్రవర్తికి ఉన్నది ఒక్క కూతురే అయినా సరే. గైడుగారు ఆ మాట చెప్పి, నవ్వి ఊరుకున్నారు.

చివరిది నిగత్సుదో. కొండ మీద వరండా ఉన్న మందిరం. సాయంత్రం అక్కడ నిలబడితే మహాబుద్ధుడి గుడి కప్పు, దాని అవతల ఊరంతా కనిపిస్తుంది. ఇక్కడ ఏటా మార్చి 1 నుంచి 14 దాకా ఓమిజుతోరి జరుగుతుంది. కళ్ళు తెరిచిన 752లోనే మొదలై, గుడి కాలినా, యుద్ధమొచ్చినా, ఒక్క ఏడు కూడా ఆగలేదు. 11 మంది భిక్షువులు లోకం తప్పులకి క్షమాపణ చెప్పుకుంటారు. రాత్రి పెద్ద పెద్ద కాగడాలు పట్టుకుని ఆ వరండాలో పరుగెడతారు. అందరూ ఫోటోలు తీసేది ఆ నిప్పురవ్వలే.

ఆ రోజుల్లో రెండు రాత్రులు పోయినవాళ్ళ పేర్ల చిట్టా చదువుతారు. షోముతో మొదలుపెట్టి, కోమ్యో, ఇంకా గుడికి సాయపడ్డ ఎందరో. మన తర్పణాల్లో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా చెప్పి నీళ్ళు వదుల్తారు కదా, దాదాపు అలాంటిదే. 13వ శతాబ్దం మొదట్లో ఒకసారి షుకేయ్ అనే భిక్షువు ఆ చిట్టా చదువుతుంటే, నీలిబట్టలు కట్టుకున్న ఒక ఆడమనిషి ఎదురుగా వచ్చి నిలబడిందట. నన్నెందుకు వదిలేశావు అని అడిగిందట. ఆమె ఎవరో, పేరేమిటో ఆయనకి తెలీదు. ఉన్నపళంగా, గొంతు తగ్గించి, 'నీలిబట్టల స్త్రీ' అని చదివాడు. ఆమె మాయమైంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ప్రతి ఏడూ ఆ చోటికి రాగానే గొంతు తగ్గించి ఆ పేరు కాని పేరు చదువుతారు. ఆ మందిరం లోపలికి ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. పక్కన జాలీ గదుల్లో కూర్చుని వినాలి. అయినా సరే, ఆ రాత్రి ఆ ఒక్క మాట వినడానికే చాలామంది ఆడవాళ్ళు చలిలో వస్తారని గైడుగారు చెప్పారు. తానూ ఏటా వెళ్తారట.

కోమ్యోకి కొడుకు పోతే గుడి లేచింది, తల్లి పోతే అషురా నిలిచింది, భర్త పోతే షోసోయిన్ నిండింది. ఆమె చేతిలో రాజ్యముంది కాబట్టి ఆ దుఃఖాలకి ఇవాళ టికెట్టుంది, గైడుంది. అదే మశూచిలో బిడ్డల్ని పోగొట్టుకుని, అదే బుద్ధుడికి గుప్పెడు మట్టి తెచ్చి పోసిన తల్లులకి ఏమీ మిగల్లేదు. నీలిబట్టల ఆవిడ వాళ్ళందరి తరపునా వచ్చి అడిగిందనుకుంటాను.

నారా వెళ్ళేవాళ్ళు జింకలకి బిస్కెట్లు పెట్టి, పెద్ద బుద్ధుణ్ణి చూసి మధ్యాహ్నానికే క్యోటో రైలు ఎక్కేయకండి. హొక్కెజికి ఒక గంట, అషురా ముందు పావుగంట, నిగత్సుదో వరండాలో పొద్దుగూకే దాకా ఉండండి. వెళ్ళలేని వాళ్ళు ఇంట్లోనే ఒక పని చెయ్యండి. మన తర్పణాల్లో ఆడవాళ్ళ పేర్లు మూడు తరాల దాకా వినబడతాయి, ఆపైన ఎవరికీ తెలీదు. ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని, వాళ్ళమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆవిడ పుట్టిన ఊరు అడిగి ఒక పుస్తకంలో రాసి పెట్టండి.